పోలిరాజు ఇచ్చిన మాట

ఆ శుక్రవారం సత్యవేణి వంటింట్లో కొబ్బరి కోరుతూ ఉండగానే అరుగు మీద ఆమె తోట చేతులు మారిపోయింది.

మస్కట్‌లో శుక్రవారం సెలవు. అక్కడ పనిచేసే భర్త పోలిరాజు ఇంటి వ్యవహారాలన్నీ ఆ పూటే ఫోన్‌లో తేల్చేస్తాడు. మామగారు రాఘవులు స్పీకరు పెట్టి, ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి కూర్చున్నారు. ఎదురుగా రొయ్యల చెరువుల బంగారరాజు. యాభై సెంట్ల కొబ్బరితోట, అయిదేళ్ళ లీజు; చెట్లు కొట్టేసి చెరువు తవ్వుకోవడం. "మాటిచ్చేసేను బంగారరాజు గారూ. వచ్చే శనివారం పొక్లెయిన్ దింపుకోండి" అన్నాడు పోలిరాజు. ఆ తోట సత్యవేణికి వాళ్ళమ్మ రాసిచ్చింది. పాసుపుస్తకం ఆమె పేరున ఉంది. కొబ్బరికాయల దింపు తీయించేదీ, చెట్ల మధ్య కంద వేసేదీ ఆమే. "పేరుదేముందమ్మా, అంతా ఇంట్లోదే కదా" అంటారు అత్తగారు.

కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ "అమ్మాయ్, టీ!" అన్న మామగారి కేక అంతకంటే ముందొచ్చింది. కోపాన్ని పక్కన పెట్టి టీ పెట్టడం ఆమెకి పన్నెండేళ్ళ అలవాటు. బంగారరాజు గ్లాసు అందుకుని, "చెల్లెమ్మ చేత్తో టీ తాగేం, ఇంక ఖాయమేనండి" అన్నాడు. బేరం కుదిరాక ఇంటావిడ టీ ఇచ్చిందంటే ఒప్పుకున్నట్టేనని వాళ్ళ లెక్క. ఒప్పుకోని ఆడది ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తోటలోకి వెళ్ళి నిలబడింది. పక్కది ఒకప్పుడు వరిచేను, తర్వాత రొయ్యల చెరువు చేశారు. రొయ్యలు మానేసి ఎనిమిదేళ్ళయినా అందులో గడ్డి కూడా సరిగ్గా మొలవదు, ఎండితే ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. తన తోటా అంతేనన్నమాట. ఫోన్‌లో మాటంటే అంత గట్టిదా? అయితే "వచ్చే ఏడు వచ్చేస్తానే, ఒట్టు" అని అదే ఫోన్‌లో పోలిరాజు తనకి ఆరేళ్ళుగా చెబుతున్న మాటో? దానికి సాక్ష్యమని ఎవరూ టీ తాగలేదు. నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుంది.

మంగళవారం ఆసుపత్రి పని ఉందని చెప్పి అమలాపురం బస్సెక్కి, లాయరు భవానీదేవిని కలిసింది.

"ఫోన్‌లో నోటిమాట చెల్లుతుందాండీ?"

"చాలావాటికి చెల్లుతుందమ్మా. కానీ అయిదేళ్ళకి భూమి లీజంటే రిజిస్టరు కాగితం ఉండాలి. అసలు మాటెవరిచ్చేరు?"

"మా ఆయనండి."

"భూమి?"

"నాదండి."

"మరి మీరేమన్నారు?"

"టీ ఇచ్చేనండి" అంది సత్యవేణి సిగ్గుగా.

లాయరు నవ్వలేదు. "టీ ఇస్తే టీ ఇచ్చినట్టేనమ్మా" అంది.

శుక్రవారం వచ్చింది. మళ్ళీ అదే అరుగు, చెంబుకి ఆనించిన ఫోను, రేపు మిషను తెస్తానంటూ బంగారరాజు. సత్యవేణి చేతులు కడుక్కుని వచ్చి వాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది.

"తోట ఇవ్వడం లేదండి."

"మతిపోయిందేటే?" ఫోన్‌లో పోలిరాజు అరిచాడు. "పెద్దమనిషికి మాటిచ్చేను. ఇప్పుడు తప్పితే నా పరువేం కాను?"

"తప్పొద్దండి. మీ మాట నిలబడాల్సిందే. కాలవ పక్కన మావయ్య గారి ఎకరం ఉంది కదా, అది ఇచ్చెయ్యండి."

రాఘవులు నోట్లోని చుట్ట తీశారు. బంగారరాజు మాత్రం ముందుకి జరిగి, "ఆయ్! నాకైతే అదింకా మేలండి" అన్నాడు.

"అదెలా ఇస్తానే!" పోలిరాజు గొంతులో కంగారు. "అది నాన్నగారి చేను. ఆయన్నడక్కుండా నేనెలా మాటిస్తాను?"

సత్యవేణి ఫోను చేతిలోకి తీసుకుంది. "మళ్ళీ ఒకసారి చెప్పండి," అంది నెమ్మదిగా, "బంగారరాజు గారు వింటున్నారు."