పుప్పొడి అంటిన క్యాలెండర్

ప్రహరీ అవతలి చెట్లు పూసే నెలలోనే ఆ పిల్ల నుదురు గోడకేసి ఎందుకు కొట్టుకుంటుంది?

మూడేళ్లుగా ఆయమ్మ అడుగుతూనే ఉంది. ఇవాళ కూడా తరగతి కిటికీ గట్టు తుడవబోయి ఆగింది. చేతిసంచిలోంచి టేపు చుట్ట తీసి, ముక్క చించి గట్టు మీద అద్ది, గోడ క్యాలెండర్‌లో ఇవాళ్టి గడిలో అతికించింది. పుప్పొడి మందంగా అంటింది.

ఇరవయ్యారేళ్లుగా ఆమె ఆ బడిలో నేలలు, బల్లలు, పిల్లల ముక్కులు తుడుస్తోంది. ఫినాయిలుకు వేళ్ల చర్మం పాలిపోయింది. వంగితే మోకాళ్లు కలుక్కుమంటాయి. అయినా ఆమె కన్ను ఏదీ వదలదు.

ఎనిమిదేళ్ల ఆ పిల్లకు ఆటిజం; మాటలు లేవు. ఎర్రబడ్డ కళ్లతో, అరచేత్తో ముక్కును పైకి రుద్దుకుంటూ మణికట్టు కొరుక్కుంటోంది. ప్రవర్తన పుస్తకంలో ‘కారణం’ అన్న గడిలో టీచరు రోజూ రాసేది ఒకే మాట: మొండితనం. మొండితనమే అయితే వానాకాలంలో అది ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నం పిల్ల తల్లిని పిలిపించారు, పేరు తీసేస్తామని చెప్పడానికి. ఆయమ్మ క్యాలెండర్‌ను మేకు నుంచి తీసి, పిలవకుండానే హెడ్‌మేడం గదిలోకి నడిచింది.

“నీ పని చూసుకో ఆయమ్మా. నువ్వేమైనా డాక్టరువా?”

“కాదు మేడం, తుడిచేదాన్ని. దుమ్ము సంగతి నన్నడక్క ఇంకెవర్ని అడుగుతారు?” అని క్యాలెండర్‌ను తల్లి ముందు పరిచింది. “చూడమ్మా. పాప తల కొట్టుకున్న రోజుల్లో ఎర్రచుక్క పెట్టాను. టేపు పచ్చగా ఉన్న చోటే చుక్కలున్నాయి. ఇదిగో, వాన పడిన వారం. టేపు తెల్లగా ఉంది, చుక్కే లేదు.”

తల్లి వేలు ఒక్కో గడినీ తడుముతూ పోయింది. “నేనూ మొండిదనే అనుకున్నానక్కా,” అంది. ఆపై హెడ్‌మేడం వైపు తిరిగింది. “డాక్టరుకు చూపించేదాకా మీరు పేరు తీస్తే ఊరుకోను.”

సాయంత్రం ఆయమ్మను రేపటినుంచి రావద్దన్నారు. “రాను. కానీ ఆ గట్టు మాత్రం తడిగుడ్డతోనే తుడవండి,” అని టేపు చుట్టను గట్టు మీదే పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

అంతవరకు ఆ పిల్ల బుద్ధిని పరీక్షించినవారే గాని ముక్కులోకి తొంగిచూసినవారు లేరు. డాక్టరు చూశాడు. లోపలంతా వాచి ఉంది, పుప్పొడి ఎలర్జీ, ఆ నొప్పికే తల కొట్టుకుంటోంది అన్నాడు. మందు మొదలైన పదిరోజులకు పిల్ల గోడ వైపు వెళ్లడం మానేసింది. ఆటిజం ఉంది, ఉంటుంది, తగ్గింది నొప్పి. పుస్తకంలో మాత్రం పాత మాటను ఎవరూ కొట్టివేయలేదు.

డాక్టరుకు చూపించి తల్లి తిరిగి తెచ్చి ఇచ్చిన క్యాలెండర్ మళ్లీ అదే మేకుకు వేలాడుతోంది. ఆయమ్మ వెళ్లిన మర్నాటి నుంచి గడులన్నీ ఖాళీ. నోరులేని పిల్లను మొండిదని రాసే ముందు మీరు కిటికీ గట్టు మీద వేలు పెట్టి చూడండి. టేపు చుట్ట అక్కడే, సగం మిగిలి ఉంది, తీసుకోండి.