పసుపు దీపాల గది

"ఆ ఆసిడ్ చేతి మీద పడితే ఏం చేస్తావు పాపా? తొడుగులో సూది మొనంత బొక్క ఉన్నా దూరిపోతాదంట గదా," అన్నాను, క్యారియర్ మూత బిగిస్తూ.

అలమేలు చెప్పులు వేసుకుంటోంది. "దినామూ ఇదే అడుగుతావు మా. నేను ఆసిడ్ దగ్గరికే పోను. అది వేరే వాళ్ళ పని."

"వాళ్ళ చేతిలో జారి నీ మీద పడితే?"

"పడదు."

పడదు అని ఎవరు చెప్పినా నాకు నమ్మకం లేదు. బస్సు బోల్తా పడుతుందని, కొలిమి పేలుతుందని, ఆ కొండంత భవనానికి కరెంటు పట్టుకుని అందరూ లోపలే ఉండిపోతారని, నా కూతురు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను ఊహించని చావు లేదు. మా ఆయన ఏకాంబరం గుడ్డల కొట్టుకు పోతూ "నీ బుర్రలో రోజుకొక పీనుగ లేస్తాది," అంటాడు. పోతాడు. అన్నం, గిన్నెలు, ఆ భయాలు నాకు మిగులుతాయి.

అలమేలు పాలిటెక్నిక్ చదివింది. రేణిగుంట దారిలో కొత్తగా కట్టిన ఫ్యాక్టరీలో చేరింది. పెళ్ళి పాకాలలో అయింది. అల్లుడు సుబ్రమణ్యం అక్కడ బడిపంతులు. వారమంతా నా దగ్గరే ఉండి, శనివారం సాయంత్రం రైలెక్కి అత్తగారింటికి పోతుంది. అక్కడ ఆదివారమంతా వారం బట్టలు ఉతికి, సోమవారం తెల్లారగట్ల బండికి తిరిగొస్తుంది. దాని సెలవు అది.

బియ్యంలో రాళ్ళు ఏరుతూ నేను అడిగితే, పక్కన కూర్చుని ఫ్యాక్టరీ సంగతులు చెప్పేది. ఇసుకలోంచి తీసిన సిలికాన్‌ను కొలిమిలో కరిగించి, అందులో చిన్న పలుకు ముంచి, తిప్పుతూ నిదానంగా పైకి లాగితే దాన్ని పట్టుకునే కడ్డీ పెరుగుతూ వస్తుందట. కడ్డీలు వేరే ఊరి నుంచి వస్తాయి. ఇక్కడ వాటిని అప్పళాల మాదిరి పల్చటి బిళ్ళలుగా కోసి, మొహం కనిపించేంత నున్నగా చేస్తారు. ఆ బిళ్ళ మీద వెంట్రుక కంటే సన్నటి గీతలు వేసి, కడిగి, కాల్చి, మళ్ళీ వేసి, చివరికి చింతగింజలో సగమైనా లేని ముక్కలుగా కోస్తారు. ఆ ముక్క పెట్టిన చేతి గడియారంలో ముళ్ళు ఉండవు, అంకెలే మారుతుంటాయి. ఇంతా చేసి, ఒక్క ధూళి రేణువు పడితే బిళ్ళ దండగ. అందుకని లోపలికి పోయే ముందు పూలు, గాజులు, పౌడరు, బొట్టు అన్నీ తీసెయ్యాలి. తల నుంచి పాదాల దాకా తెల్లటి బట్ట తొడుక్కోవాలి.

అలమేలుది గీతలు వేసే గది. మామూలు వెలుతురు తగిలితే పూత చెడిపోతుందని అక్కడ పసుపు దీపాలే వెలుగుతాయి. గిరగిరా తిరిగే బిళ్ళ నడుమ తేనె లాంటి మందు చుక్క పోస్తే, రెప్ప వేసేలోపల అది అంచుల దాకా పరుచుకుంటుంది. దాని పైన గీతలున్న అద్దం పెట్టి వెలుతురు కొడతారు. వెలుతురు పడిన చోట పూత కరుగుతుంది, పడని చోట నిలుస్తుంది. ఆ గదికి అందరినీ ఆడపిల్లలనే తీసుకున్నారు. వేళ్ళు సన్నం, ఓపిక జాస్తి, ఎదురు మాట్లాడరు అన్నాడట మేనేజరు. సాయంత్రం ఇంటికి వచ్చి జడ విప్పితే, మాగిన పండూ వార్నిషూ కలిసినట్టు తియ్యటి వాసన కొట్టేది. బాగానే ఉంది అనుకునేదాన్ని.

అలమేలుకు మొదటి కడుపు మూడో నెలలో పోయింది. ఏడాది తిరక్కుండా రెండోదీ పోయింది. అప్పుడు వియ్యపురాలు ఆదిలక్ష్మమ్మ కొడుకును వెంటబెట్టుకుని పాకాల నుంచి పలకరింపుకు వచ్చి, నేను వడ్డించింది తింటూ మొదలుపెట్టింది.

"ఏమీ అనుకోవద్దు వదినా. పొద్దున్నే బొట్టు తుడిపేసుకొని, గాజులు తీసేసి, తెల్ల గుడ్డ తొడుక్కొని కూసునేదాని కడుపులో బిడ్డ యాడ నిలుస్తాది? మా ఇంట్లో మగడు బతికుండంగా ఎవురూ తెల్ల గుడ్డ కట్టలా."

"అత్తా, ఆడ మగోళ్ళు గూడా అదే తొడుక్కుంటారు," అంది అలమేలు, పడుకున్న చోటి నుంచే.

"మగోళ్ళు కంటారామ్మా?"

మా ఆయన నవ్వాడు. అల్లుడు మజ్జిగ పోసుకున్నాడు. నేను కూర ఇంకొంచెం వెయ్యాలా అని అడిగాను. ఆమె మాట నాకు సగం నిజమే అనిపించింది కూడా. కార్వేటినగరంలో మా అత్తగారింటికి కాపురానికి పోయిన కొత్తలో నాకూ ఒకటి పోయింది. చేద బావి నుంచి ఇంటిల్లిపాదికీ నీళ్ళు మోసిన నెల అది. "ఏం తొక్కొచ్చినావో, యాడ దాటినావో," అంది మా అత్త. నేను నిజంగానే వెతుక్కున్నాను, ఏ వీధిలో ఏం తొక్కానా అని. బిందెలను ఎవరూ అనుమానించలేదు, నేనూ అనుమానించలేదు. ఇంట్లో ఏది పోయినా ముందు ఆడదాన్ని నువ్వేం చేశావని అడుగుతారు. అడిగి అడిగి, చివరికి మనల్ని మనమే అడుక్కోవడం అలవాటవుతుంది. నా భయాలన్నీ అక్కడే పుట్టాయేమో తెలియదు. ముందే అన్నీ భయపడి పెట్టుకుంటే, తర్వాత ఎవరూ నన్ను అడగరని.

అలమేలుకు మూడోసారి నెల తప్పింది. పాకాల నుంచి కబురు వచ్చింది, ఈ శనివారం వచ్చేటప్పుడు రాజీనామా ఇచ్చే రావాలని. ఇది ఇవ్వనంటుంది. పోయిన రెండూ గుర్తొస్తే నాకు అన్నం దిగదు.

దాన్ని ఆసుపత్రిలో చూపించడానికి తీసుకుపోయిన రోజు, వరసలో నిలబడిన పిల్ల ఒకతె నన్ను పలకరించింది. పేరు నాగరత్న, అలమేలు గదిలోనే పని. అలమేలు లోపల డాక్టరమ్మ దగ్గర ఉంది.

"నాకూ రెండుసార్లు పాయె పెద్దమ్మా. మా అత్త శని అంటాది. శాంతి జేపించినాం."

"మీ గదిలో ఇంకెవురికన్నా పోయిందా పాపా?"

"ఇట్టాంటివి ఎవురు చెప్పుకుంటారు? ఒకామెకు పోయిందని తెలుసు." కాసేపు ఆలోచించి నవ్వింది. "మా గదిలో చేరినాక బిడ్డను ఎత్తుకున్నోళ్ళు లేరు పెద్దమ్మా. అవతల బంగారు తీగలు అతికించే గదిలో ఉండారే, వాళ్ళకు మాత్రం వరసగా కాన్పులే. ఆ గది మంచి ముహూర్తానికి కట్టినట్టుండారు."

ఆ తీగల గది వాళ్ళకూ బొట్టు లేదు. వాళ్ళకూ తెల్ల బట్టే. ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంటే, జడలోంచి అదే తియ్యటి వాసన వచ్చింది. ఆసిడ్‌కు భయపడ్డాను, కరెంటుకు భయపడ్డాను. ఆ వాసనను మాత్రం ఇన్నాళ్ళూ బాగుందనుకున్నాను.

మా ఆయనకు చెప్తే కొట్టు తాళాలు తీసుకుంటూ, "ఐదో క్లాసుకు డాక్టరువైనావే. జీతాలిచ్చే పెద్దోళ్ళకు తెలీదా?" అన్నాడు. అలమేలుకు చెప్తే ఇంకా కోపం వచ్చింది.

"నువ్వూ అత్త పక్కకే పోయినావా మా?"

"ఉద్యోగం మానమనలేదు పాపా. ఆ తీగల గదికి మార్చమని అడుగు."

"అడిగింది ఒకామె. భయమైతే ఇంట్లో ఉండమన్నారు. ఇంకొకరు అడిగితే, ఆడోళ్ళతో ఇదే రగడ అని మొత్తం మగోళ్ళనే పెట్టుకుంటారు. నేను అడగను."

దాని మాటలో అబద్ధం లేదు. మానితే పాకాలలో బట్టలు ఉతుకుతూ బతకాలి. ఉంటే కడుపు నిలవదు. ఈ రెండింటి మధ్య అది పళ్ళు బిగించుకుని నిలబడింది. నేను రాత్రి సంగటి మిగిలితే ఎవరికి పెట్టాలన్నది కూడా మా ఆయన్ని అడిగే చేసిన మనిషిని. శుక్రవారం ఎవరినీ అడగకుండా ఫ్యాక్టరీకి బస్సెక్కాను.

అలమేలు పొద్దున తీసుకుపోని మజ్జిగ సీసా చేతిలో ఉంది, గేటు దగ్గర సాకు చెప్పడానికి. లోపల వరండాలో కూర్చోబెట్టారు. ఎదురుగా పెద్ద అద్దం. దాని అవతల పసుపు వెలుతురులో కళ్ళు తప్ప ఏమీ కనిపించని ఆడపిల్లలు వంచిన తలలెత్తకుండా పని చేస్తున్నారు. అందరూ ఒకేలా ఉన్నారు. నా కూతురు ఏదో నాకే తెలియలేదు.

అన్నం గంట కొట్టాక అలమేలు బయటికి వచ్చి, నన్ను చూసి నిలబడిపోయింది. దాని వెనకే ఆ గది ఇంజనీరు దొరస్వామి. నలభై లోపు మనిషి, మర్యాదస్తుడు.

"ఏమ్మా, ఇంత దూరం వచ్చినారు?"

"సార్, ఆ మందు వాసన కడుపుతో ఉండే బిడ్డలకు మంచిదేనా?"

"మా," అంది అలమేలు.

"అదేం లేదమ్మా. పైన ఫ్యాన్లు గాలంతా లాగేస్తాయి. అన్నీ లెక్క ప్రకారమే ఉండాయి."

"ఫ్యాన్లుంటే జడకు వాసన ఎందుకొస్తాది సార్?"

ఆయన చిన్నగా నవ్వాడు. "మీరు అనవసరంగా భయపడతా ఉండారు."

ఆ మాట నాకు కొత్త కాదు. లేచి పోవాలనిపించింది. చెమటకు సీసా జారుతోంది. పోకుండా, ఏ ఇంట్లో ఏ ఆడమనిషైనా అడిగే మాటే అడిగాను.

"మీకు పిల్లోళ్ళు ఎంతమంది సార్?"

"ఇద్దరమ్మా."

"వాళ్ళ తల్లి ఇంట్లోనే ఉంటాదా?"

"లేదు, ఈడనే. చిప్పులు పరీక్ష చేసే చోట పని."

"మొదటినించీ ఆడనేనా?"

దొరస్వామి జేబులోని పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. భోజనానికి పోయే పిల్లలు మా పక్క నుంచి దాటుకుంటూ పోయారు. వరండా ఖాళీ అయింది. అలమేలు ఇప్పుడు నన్ను చూడటం లేదు, ఆయన్నే చూస్తోంది. నేను ప్రశ్న మళ్ళీ అడగలేదు, లేవనూ లేదు. ఎక్కడో యంత్రం ఒకటి ఆగింది.

"ఈ గదిలోనే ఉండె," అన్నాడు చివరికి, అద్దం వైపు తిరిగి. "పెళ్ళయిన నెలకే ఆమెను నేనే ఆడికి మార్పించినా."