ముగ్గురు రాక్షసులు, ఒక్క వీసా

మూడు నెలలుగా సిరిసిల్లలో మా వాడ సాంచాలు ఆగిపోయి ఉన్నాయి. బట్ట నేసే ఆ మగ్గాల చప్పుడు లేక మా అత్త వెంకటవ్వకు మధ్యాహ్నం కునుకు కూడా పట్టడం లేదు. మా ఆయన ఎల్లేశానికీ పని లేదు, మరిది సతీశ్‌కూ పని లేదు. జగిత్యాల ఏజెంటు దగ్గర ఒకే ఒక్క మస్కట్ వీసా దొరికింది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కంపెనీలో టైలర్ పని.

అన్నదమ్ములిద్దరికీ సూదిలో దారం ఎక్కించడం రాదు. వారం పాటు నా కుట్టుమిషన్ ముందు కూర్చుని ఇద్దరూ కలిసి ఒక్క జేబు కుట్టారు. అదీ తలకిందులుగా.

ఎవరు పోవాలన్న మాట వస్తే "నేను పోత" అంటే "నేను పోత" అని ఛాతీ విరుచుకుంటారు. తెల్లారితే ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరికి పన్ను నొప్పి. నాకు మాత్రం ఒకటే భయం, మా ఆయన పోతాడేమోనని. సతీశ్ భార్య జ్యోతికి ఏడో నెల. దాని భయం దానిది.

ఈ గోల భరించలేక పక్కింటి యాసర్, షార్జా నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన ఆట పట్టుకొచ్చాడు. అట్ట మీద ఒక పట్నం, దాన్ని తొక్కే రాక్షసులు, ఆరు పాచికలు. గోరు పడితే మనకు నచ్చినవాడిని గీరి ఒక ప్రాణం తియ్యాలి, గుండె పడితే మన ప్రాణం పెరుగుతుంది. నచ్చని పాచికలు మళ్లీ వేసుకోవచ్చు. తలా పది ప్రాణాలు, చివరికి మిగిలినవాడిదే గెలుపు.

"గెలిచినోడే పోవాలె. ఓడేటోన్ని పరాయి దేశం పంపుతమా?" అని అత్త తీర్పు చెప్పింది.

ముగ్గురుంటేనే ఆట అన్నాడు యాసర్. జ్యోతి నేల మీద కూర్చోలేదు.

"రాధిక కూసుంటది తియ్యి, ఆటల అరటిపండు," అంది అత్త.

గెలిచినా ఓడినా లెక్కలేని చంటిపిల్లలా నన్ను కూర్చోబెట్టారు. నాకు ఒళ్లు మండింది. మా ఆయనకు బల్లి, సతీశ్‌కు ఎండ్రకాయ, నాకు ఇనుప కోతి.

మా ఆయనకు మొదటే నాలుగు గోళ్లు పడ్డాయి. గబగబా ఏరేసి మళ్లీ వేశాడు. "తమ్ముని మీద చెయ్యెట్ల లేస్తది?" అన్నాడు. సతీశ్‌కు మూడు గుండెలు పడితే "నాకెందుకు గిన్ని ప్రాణాలు" అని వదిలేశాడు.

"అరె, గీ ఆటకు షార్జాల పిల్లలు జుట్లు వట్టుకున్నరు. మీరేంది గిట్ల మర్యాదలు జేస్తున్నరు?" అని యాసర్ తల పట్టుకున్నాడు.

ఇక ఇద్దరూ నా మీద పడ్డారు. "వదినా, నన్ను కొట్టు!" అని సతీశ్. "ఏమే, కట్టుకున్న మొగన్ని ఇడిసివెట్టి వాన్ని కొడుతవా?" అని మా ఆయన.

"కొట్టవే, అడుగుతుండు గద!" అంది అత్త.

నేను మొగుడినే కొట్టాను, పదికి పది ప్రాణాలూ తీసేదాకా. బల్లి పడిపోగానే ఆయన ఎగిరి గంతేశాడు. వెంటనే గుర్తొచ్చి, "అయ్యో, ఓడిపోతి" అన్నాడు.

"అరటిపండు లెక్కల లేదు. ఇగ సతీశే గెలిచిండు," అంది అత్త.

తలుపు పట్టుకుని నిలబడ్డ జ్యోతి కళ్లు తుడుచుకుంది.

"గట్లెట్ల? వదిన ఇంక బతికే ఉన్నది. వదిన గూడ లెక్కకు అస్తది!" అని సతీశ్ అరిచాడు. మా ఆయన కూడా న్యాయం న్యాయమేనన్నాడు. అత్త ఒప్పుకుంది.

నేను జ్యోతి వైపు చూసి పాచికలు వేశాను. మూడుసార్లు నా వంతు వచ్చేసరికి ఎండ్రకాయ చచ్చింది.

అన్నదమ్ములు కావలించుకున్నారు. జ్యోతి నవ్వేసింది. పాచికలు డబ్బాలో వేస్తూ యాసర్ అడిగాడు: "మరి పొయ్యేదెవరు?"

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వీసా మీద టైలర్ అనే ఉన్నది. మొగోడా ఆడిదా అని లేదు," అన్నాడు యాసర్ మళ్లీ.

అప్పుడు అందరూ నా కుట్టుమిషన్ వైపు చూశారు. మేడిపల్లిలో పుట్టింట ఉండగా కుట్టుపని నేర్చుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఈ వాడ జాకెట్లన్నీ నేనే కుడుతున్నాను. వారం రోజులుగా ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాక్కూడా.

"ఆడిదాన్ని ఎట్ల పంపుతం?" అన్నాడు మా ఆయన. కానీ అంతకుముందే ఆయన ముఖంలో నిమ్మళం వచ్చి పోయింది. నేను చూశాను. కోపం వచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని, తలకిందుల జేబు కుట్లు విప్పి, సూది ఆయన చేతిలో పెట్టాను.

"దారం ఎక్కియ్యి. నేను పొయ్యేలోపు జాకెట్ కుట్టుడు నేర్సుకోవాలె."