కాజాల తమ్ముడి జవాబు

దర్జీ షాపు తెరవగానే అన్న బట్ట కత్తిరించేవాడు, తమ్ముడు కాజాలు కుట్టేవాడు. కాజా సంగతి ఒకటి చెప్పాలి. చొక్కా తొడుక్కునేవాడు జేబు చూస్తాడు, కాలరు చూస్తాడు, బొత్తాం జారితే తప్ప కాజా వంక చూడడు. సరే, అసలు సంగతికి వద్దాం.

ఆ ఏడు తమ్ముడి మాటలు ఆలస్యంగా రావడం మొదలైంది. పెదవులు ఇప్పుడు కదిలేవి, గొంతు తర్వాతెప్పుడో వినబడేది. చొక్కా ఎప్పుడిస్తావని అడిగినవాడు విసుక్కుని వెళ్ళిపోయాక, "సాయంత్రం రండి" అన్న మాట ఖాళీ కుర్చీకి వినబడేది. అందులో ఎవరికీ వింత కనబడలేదు, పొగరే కనబడింది.

"మూతి ముడుచుకు కూర్చుంటే ముద్ద ఎవరు పెడతారు?" అనేది వదిన, ముద్ద పెడుతూనే. మీ తమ్ముడుగారికి పడుకోవడం, గోడ చూడటం, ఈ రెండే ఉద్యోగాలని మొగుడితో అనేది. అన్న తీరు ఇంకొకటి. అడగడం, జవాబుకి ఆగకుండా తిట్టడం, కుట్టు మిషను తొక్కడం. ఆ చప్పుడులో తమ్ముడి మాటలు ఎన్ని కలిసిపోయాయో!

చివరికి తమ్ముడు తిండి కూడా మానేస్తే ఆసుపత్రిలో చూపించారు, అక్కడివాళ్ళు మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. అన్న వెంట వెళ్ళాడు. సాయానికి కాదు, వీడిది ఒట్టి బద్ధకమని ఆవిడ చేత అనిపించి, షాపులోంచీ ఇంట్లోంచీ గెంటెయ్యడానికి. గదిలో జవాబులన్నీ తనే చెప్పాడు. ఆవిడ అన్నని ఆపి, పొద్దున లేవగానే ఎలా ఉంటుందని తమ్ముణ్ణి అడిగింది. తమ్ముడి పెదవులు కదిలాయి. చప్పుడు లేదు.

"చూశారా? రేపటిదాకా ఇంతే," అన్నాడు అన్న.

"రానివ్వండి. నాకేం తొందర లేదు," అంది డాక్టరమ్మ.

అన్న కాళ్ళు ఊపాడు, షాపు మూతపడిందని గొణిగాడు, ఫ్యాను వంక చూశాడు. ఆ గదిలో కుట్టు మిషను లేదు. చాలాసేపటికి, పెదవులు కదలకుండానే, తమ్ముడి గొంతు వచ్చింది.

"అసలు లేవకపోతే బాగుండు అనిపిస్తుందండీ. అన్నయ్యకి చాలాసార్లు చెప్పాను."

ఇది బద్ధకం కాదు జబ్బేననీ, మందులు వాడుతూ వారం వారం వచ్చి మాట్లాడాలనీ, అందాకా ఒంటరిగా వదలొద్దనీ ఆవిడ చెబుతుంటే అన్న బుర్ర ఊపాడు.

వీధిలోకి వచ్చాక, కోపంగానే, "ఎప్పటినుంచిరా?" అని అడిగాడు. తమ్ముడి పెదవులు కదిలాయి. వెనక సైకిలువాడు దారికి అడ్డం లెమ్మని అరిచాడు. అన్న వాణ్ణి కడుపునిండా తిట్టి, ఆ పైన నోరు మూసుకుని, ఎండలో అక్కడే నిలబడ్డాడు.