నడక మార్చని చప్పుడు

ఆగయ్య వేడి ప్లాస్టిక్ ముద్దను రెండు అచ్చుల నడుమ పెట్టి మర దించాడు. ఆవిరి బుస్సుమంది. అర నిమిషంలో ముద్ద కాస్తా నల్లని రికార్డయింది. అంచు కత్తిరించి, వెలుతురుకు తిప్పి చూసి, దొంతరలో పెట్టాడు.

హజీరా రోడ్డు పక్కనున్న ఆ షెడ్డులో అతను చేరి రెండేళ్లు. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు సాంచెల మీద గుడ్డ నేశాడు. ఆ సాంచెలే కూడు పెట్టాయి, ఆ సాంచెలే చెవులు తినేశాయి. పాటలు ఒత్తేచోట చెవిటివాడేమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ మర దగ్గర అతనంత పనిమంతుడు ఇంకొకడు లేడు.

ఆ రోజు ఒత్తుతున్నది ముప్పై ఏళ్ల కిందటి త్రాష్ మెటల్ అనే హోరు సంగీతపు ఆల్బం. అప్పట్లో క్యాసెట్టుగా వచ్చి మాయమైంది. అభిమానులు పట్టుబట్టి ఇప్పుడు వినైల్ రికార్డుగా మళ్లీ వేయిస్తున్నారు. మామూలు ప్రయోగం కాదది. గిటార్లు తరుముకొస్తుంటాయి, తాళం ఏడులోంచి ఐదుకు, ఐదులోంచి పదకొండుకు దూకుతుంది, మధ్యలో ఇనుము మీద సుత్తి దెబ్బలు. విని తప్పులు పట్టే హిమశ్రీకే తల తిరిగిపోతోంది.

మధ్యాహ్నం డబ్బా కడుక్కుని వస్తూ ఆగయ్య ఆమె స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. సాంచె జబ్బునూ ఎప్పుడూ అలాగే పట్టేవాడు. కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ చెయ్యి తియ్యలేదు.

"బిడ్డా, గిండ్ల టక్కుమంటున్నదేంది?"

"అరే కాకా, సుత్తి! పాటలనే ఉంది!" అతని చెవి దగ్గర అరిచింది హిమశ్రీ.

"గాదు. పాట నడక మారుస్తున్నది, గిది మారుస్తలేదు. ఒక్క సుట్టుకు ఒక్కటే దెబ్బ. అచ్చు మీద గీత వడ్డది."

సాయంత్రానికి లారీ వస్తుంది, ఐదు వందల రికార్డులు ఎక్కాలి. సూపర్‌వైజర్ నరహరి మండిపడ్డాడు.

"చెవిటోని మాట వట్టుకొని మిషన్ ఆపుతమా? నడువు, పని జూడు!"

ఆగయ్య మర దగ్గరకు నడిచాడు. స్విచ్ కట్టేశాడు. పైవాడి మాట కాదని మర ఆపడం బతుకులో అదే మొదలు. పని పోతే పోనీ అనుకున్నాడు.

హిమశ్రీ రికార్డు నడుమ కాగితం మీద పెన్నుతో చుక్క పెట్టి తిప్పింది. తాళం ఎటు దూకినా, చుక్క తన ముందుకొచ్చిన ప్రతిసారీ టక్. అచ్చు విప్పి చూస్తే వెంట్రుకంత గీత. పొద్దుటి దొంతరంతా కరగడానికి పోయింది, పెట్టెలో దాచిన అదనపు అచ్చు మరకెక్కింది. లారీని మర్నాటికి రమ్మన్నారు. కొత్త అచ్చులోంచి వచ్చిన మొదటి రికార్డును నరహరే తెచ్చి, ఇంటికి తీసుకుపొమ్మని ఆగయ్య చేతిలో పెట్టాడు.

"తప్పయింది కాకా, ఏమనుకోకు."

ఆగయ్య సిగ్గుపడుతూ నవ్వాడు.

మర్నాడు అతను పనికి రాలేదు. చాయ్ తాగి గోడకు చేరగిలబడ్డవాడు అలాగే ఒరిగి ప్రాణం విడిచాడట. హిమశ్రీ నవాగామ్‌లోని అతని ఒంటిగది ఇంటికి పరుగున వెళ్లింది. ఆగయ్య భార్య బాలవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా ఇంట్ల గా రికార్డు మోగే మిషన్ లేదు బిడ్డా. గా పాట మంచిగుంటదా?"

"కాక లేకుంటే ఖరాబైతుండె అవ్వా," అంటూనే హిమశ్రీ ఏడ్చేసింది.

గోడకు అతను చొక్కా తగిలించే మేకుంది. చొక్కా కింద మడతపెట్టి ఉంది. మేకుకు, నడిమి రంధ్రంలోంచి, వేలిముద్ర ఒక్కటైనా పడని నల్లని రికార్డు వేలాడుతోంది.