టీచరు ఇల్లు చూసి పోయింది

శనివారం టీచరు ఇల్లు చూడ్డానికి వస్తుందని కూతురు చెప్పగానే న్యో ఖైన్ చేస్తున్న పని వదిలేసి లేచింది. బర్మా సరిహద్దులోని థాయ్ ఊరు మే సోట్‌లో టీచర్లు ఏడాదికోసారి పిల్లల ఇళ్ళకు వచ్చి, ఇంటివాళ్ళతో ఫొటో దిగి పోవడం మామూలే. కానీ దొంగచాటుగా బడిలో చేరిన పిల్ల తల్లికి అది మామూలెలా అవుతుంది?

"ఎందుకొస్తుందట? నిన్నేమన్నా అడిగిందా? పోలీసులతో గానీ మాట్లాడుతుందా ఆవిడ?"

"అందరిళ్ళకీ వస్తుందమ్మా!" అంది ఫ్యూ విసుగ్గా.

"అందరి సంగతి వేరే, మన సంగతి వేరే."

వేరే మరి. బర్మా పిల్లల్ని మా పిల్లల పక్కన కూర్చోబెడతారా అని ఊళ్ళో పెద్దమనుషులు గోల చేసేసరికి, ఈ ఏడు సీట్లు లేవని హెడ్మాస్టరు చేతులెత్తేశాడు. థాయ్ పిల్లలకు మాత్రం సీట్లు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయో ఆ మహానుభావుడికే తెలియాలి! చివరికి ఇంటి యజమానురాలు లమ్‌డువన్ జాలిపడి, ఫ్యూని తన చెల్లెలి కూతురని చెప్పి, ఫాసాయ్ అని పేరు మార్చి చేర్పించింది. ఇప్పుడా టీచరు పెరట్లో వీళ్ళుండే రేకుల గదినీ, అందులో కాగితాల్లేని బర్మా తల్లినీ చూసిందంటే పిల్ల చదువు అక్కడితో సరి.

"కంగారు పడకు. మా హాల్లో కూర్చోబెడతా. నువ్వు వంటింట్లో పనిమనిషిలా ఉండు. నోరు మాత్రం తెరవకు తల్లీ, నీ థాయ్ వింటే మా కుక్క కూడా నవ్వుతుంది," అంది లమ్‌డువన్.

ఈవిడైనా ఇదంతా ఊరికే ఎందుకు చేస్తోంది? రేపెప్పుడో ఏం అడుగుతుంది? న్యో ఖైన్‌కి ఆ అనుమానమూ రాకపోలేదు.

శనివారం ఓరథాయ్ టీచరు స్కూటర్ మీద వచ్చింది. న్యో ఖైన్ గిన్నెలు తోముతూ తలుపు సందులోంచి కళ్ళప్పగించి చూసింది. టీచరు గోడల మీది ఫొటోలు చూసింది. గుమ్మం దగ్గర చెప్పులు చూసింది. చెప్పులతో ఈవిడకేం పని? ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కేస్తోందా? పెరటి తలుపు వంక ఎందుకన్నిసార్లు చూస్తోంది?

"ఇదిగో, ఒకసారి ఇలా రా!" అని టీచరు పిలిచింది. న్యో ఖైన్ తడి చేతులతోనే వచ్చి నిలబడింది.

"పాపని రోజూ గేటు దగ్గర దింపేది ఈవిడే కదూ?"

ఫ్యూ తడుముకోలేదు. "అవును టీచర్, మా పనిమనిషి."

"తెలుసులేవే, బడి తెరిచిన వారమే చెప్పావుగా," అని టీచరు లమ్‌డువన్ వైపు తిరిగి నవ్వింది. "అదృష్టవంతులండీ. మా ఇంట్లో బర్మావాళ్ళు నెల తిరక్కుండా పారిపోతారు." అని తన ఫోను తీసి న్యో ఖైన్ చేతిలో పెట్టింది. "మా ముగ్గురికీ ఒక ఫొటో తియ్యి."

ఫోనులో ఫ్యూ లమ్‌డువన్ భుజం మీద తల వాల్చి నవ్వుతోంది. సొంత తల్లి దగ్గర కూడా అంత గారాలు పోలేదు ఎప్పుడూ. న్యో ఖైన్ బటన్ నొక్కింది.

"కదిలిపోయింది. ఇంకోటి తియ్యి," అంది టీచరు.

స్కూటర్ వీధి మలుపు తిరిగాక న్యో ఖైన్ కూతుర్ని రెక్క పట్టుకుని రేకుల గదిలోకి లాక్కుపోయింది.

"ఎవరు నేర్పారే నీకీ మాట? లమ్‌డువన్ పెద్దమ్మా?"

"ఎవరూ నేర్పలేదు."

"ఎవరన్నా అడిగితే పక్కింటావిడనని చెప్పమన్నానా లేదా?"

"చెప్పాను. పక్కింటావిడ రోజూ నీ సంచీ ఎందుకు మోస్తుందని బళ్ళో పిల్లలు అడిగారు." ఫ్యూ తల దించుకుంది. "పనిమనిషంటే ఇంకేం అడగలేదు. అన్నం దగ్గర పక్కన కూర్చోనిస్తున్నారు."

న్యో ఖైన్ టీచరు మీదా లమ్‌డువన్ మీదా ఇన్నాళ్ళూ అనుమానపడింది గానీ, చంకన మోసిన ఈ పిల్లని అనుమానించాలని తోచనే లేదు. ఇప్పుడు తోచింది. అడక్కుండా ఉండలేకపోయింది.

"రేపు పోలీసులు నన్ను పట్టుకుంటే? అప్పుడూ అదే చెబుతావా?"

ఫ్యూ నిజంగానే ఆలోచించింది. "అదే చెప్పాలి కదమ్మా? లేకపోతే నన్నూ బర్మా పంపించేస్తారు. సోమవారం లెక్కల పరీక్ష ఉంది."

చెంప పగలగొట్టాలనిపించింది న్యో ఖైన్‌కి. గుండెలకు హత్తుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"అవునే, అదే చెప్పు. ఏడవకుండా చెప్పు. ఏడిస్తే వాళ్ళు నమ్మరు."