మోచేతి కింది గాటు

పాత పతకాలు పోగుచేసే మా క్లబ్బులో పతకం ముఖంమీద వేలు పెట్టినవాడు మళ్లీ సమావేశానికి రాడు. మేం రానివ్వం. బొటనవేలూ చూపుడువేలూ అంచులకే ఆనాలి, కింద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉండాలి. అది మా మొదటి నియమం. రాయించింది నేనే. ఎందుకంత పట్టుబట్టి రాయించానో మాత్రం ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడ వెర్నాకు తప్ప. ఆవిడకు చెప్పడం కూడా తప్పేనని తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లుగా నేను ఏ గిన్నె తోమబోయినా "వద్దులే మహానుభావా, దానిక్కూడా ముక్కు పోతుంది" అంటుంది.

విషయం ఇదీ. 1910లో హార్లో మిల్స్ ఊళ్లో నూలుమిల్లుల ప్రదర్శన జరిగింది. మంచి బట్ట నేసిన మిల్లులకు కంచు పతకాలిచ్చారు. అరచేతిలో ఇమిడేంత పతకం. మధ్యలో ఒక అమ్మాయి, కాస్త పక్కకు తిరిగిన ముఖం, పైకెత్తిన కుడిచేతిలో నూలుకండె. వెనకవైపు పొగగొట్టాలూ నదీ. కొట్టినవి ముప్పై. ఇప్పటికి మిగిలినవి, నాకు తెలిసి, నాలుగు. అందులో ఒకటి నాకు పంతొమ్మిదో ఏట చర్చి పాతసామాన్ల అమ్మకంలో దొరికింది. అప్పుడు మా నాన్న మంగలిషాపులో పని నేర్చుకుంటున్నాను. కుర్చీల ఇత్తడి తోమే పాలిష్ చేతికందే దూరంలో ఉండేది. కంచు నల్లగా ఉంటే మురికి అనుకున్నాను. ఆ చలికాలమంతా, బేరం లేనప్పుడల్లా, గుడ్డ బొటనవేలికి చుట్టుకుని అమ్మాయి ముఖం రుద్దాను. చేతులు ఊరికే ఉండలేవు నాకు, ఇప్పటికీ అంతే. వసంతం వచ్చేసరికి పతకం కొత్త పెన్నీలా మెరిసింది. అమ్మాయికి ముక్కు లేదు, పెదవులు లేవు, కళ్లున్నచోట రెండు మెత్తటి గుంటలు మిగిలాయి. అంచు దగ్గర లోతుగా ఉన్న చెయ్యి మాత్రం బతికిపోయింది, నా బొటనవేలు అక్కడిదాకా వెళ్లలేదు కాబట్టి.

సిగ్గుపడి ఊరుకుంటే బాగుండేది. నేను ఊరుకునే రకం కాదు. మా క్లబ్బు బులెటిన్‌లో ఆ పతకం గురించి రెండు పేజీల వ్యాసం రాశాను. మోచేతి కింద చిన్న గుంట, దాని నుంచి వంకరగా దిగిన గీత ఉన్నాయి. అది పతకం కొట్టే అచ్చులో వచ్చిన లోపమనీ, దాన్నిబట్టి ఇది మొదట కొట్టిన వాటిలోదనీ తేల్చాను. మోచేతి ఫొటో మాత్రమే అచ్చువేయించాను. పతకం స్థితి అన్నచోట "దాదాపు కొత్తది" అని రాసిన చెయ్యి కూడా ఇదే. దానిమీద క్లిఫర్డ్ హాగ్ లేచాడు. హాగ్ మా వూస్టర్‌లో శవాలకు పెట్టెలూ పూలూ సర్దే పెద్దమనిషి, హార్లో మిల్స్ పతకం ఉన్న ఇంకొకడు. అది లోపం కాదట, అచ్చుమీద సుత్తి జారి పడిన దెబ్బట. ఆరేళ్లుగా ఆ గుంట మీద బులెటిన్‌లో మేమిద్దరం కొట్టుకుంటూనే ఉన్నాం.

మంగళవారం ఒక పెద్దాయన గడ్డం సగం గీశానో లేదో ఫోన్ మోగింది.

"గ్రేంజర్ గారా? నా పేరు లూసిల్ ఫోర్నియే అండీ. హార్లో మిల్స్ లైబ్రరీలో పనిచేస్తాను. మీ వ్యాసం చదివాను. మీ దగ్గరున్న పతకం ఒక్కసారి మా అమ్మకు చూపిస్తారా?"

"అమ్మకు పతకాల సరదానా?"

"సరదా కాదండీ. ఆ పతకంమీద ఉన్నది మా అమ్మే."

చేతిలో కత్తి ఉందని మరిచిపోయాను. పెద్దాయన దవడ కింద సన్నగా ఎరుపు కనిపించింది.

లూసిల్ గబగబా చెప్పుకుపోయింది. వాళ్లమ్మ ఒడీల్‌కు డెబ్బైతొమ్మిదేళ్లు. ఒక కన్ను ఇదివరకే పోయింది. రెండోదానికి శుక్రవారం ఆపరేషన్. చూపు ఉంటుందో ఉండదో డాక్టరు చెప్పలేనన్నాడు. 1936 నాటి వరదలో వాళ్లింట్లో ఫొటోలన్నీ కొట్టుకుపోయాయి. "మా అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో నాకు తెలీదండీ. ఆ పతకంమీద నేనున్నానే అని చిన్నప్పుడు చెప్పేది. అమ్మ తన ముఖం తను చూసుకోవాలి, పక్కన నిలబడి నేనూ చూడాలి. మీదేమో దాదాపు కొత్తదని రాశారు, అందుకని ధైర్యం చేశాను."

గురువారం మధ్యాహ్నం వస్తానన్నాను. ఇంకేమంటాను?

ఆ రోజంతా నా కాలు ఒకచోట నిలవలేదు. షాపు తలుపు తీసి వేసి, వేసి తీసి, చివరికి ఒకడి చెంపలు ఎగుడుదిగుడుగా కత్తిరించి అలాగే పంపించాను. ఇంటికెళ్లి పతకం తీసి దీపం కింద పెట్టాను. ముక్కులేని అమ్మాయి. ఏ తల్లికి చూపించను దీన్ని? నీ పదిహేడేళ్ల ముఖాన్ని నేనే, గుడ్డపెట్టి, సరదాకు తుడిచేశానని ఎలా చెప్పను?

"హాగ్‌ని అడగరాదూ?" అంది వెర్నా.

"వాడినా? వాడి ముందు నోరు తెరిచి ఒప్పుకోవాలా?"

"ఒప్పుకో. చచ్చిపోవులే. పోయినా అక్కడే సర్దేస్తాడు."

బుధవారం పొద్దున్నే హాగ్ దగ్గరికెళ్లాను. వెనకగదిలో పెట్టెల మధ్య కూర్చుని కాఫీ తాగుతున్నాడు. చెప్పేముందు గదిలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను.

"కూర్చోరా బాబూ, నేలకు చిల్లు పడుతుంది," అన్నాడు.

కూర్చోకుండానే జేబులోంచి నా పతకం తీసి వాడి ముందు గుడ్డమీద పెట్టాను. భూతద్దం తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ నవ్వాడు.

"దాదాపు కొత్తదా? ఒరేయ్ ఎల్వుడ్, ఆరేళ్లు నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఈ ముక్కులేనిదాన్ని చంకలో పెట్టుకునా?"

"నవ్వుకో. నవ్వడం అయ్యాక, రేపు ఒక్క పూటకి నీది ఇవ్వు," అని అసలు సంగతి చెప్పాను.

నవ్వు ఆపేశాడు. కానీ తల అడ్డంగా ఊపాడు. "పతకం అరువివ్వకూడదు. మూడో నియమం. రాయించింది ఎవరు?"

నేనే.

"అయితే మార్చుకుందాం," అన్నాడు, కాఫీ చప్పరిస్తూ. "విమానం తీసుకురా."

ఆ మాట వస్తుందని దారిలోనే తెలుసు నాకు. 1911 విమాన పోటీల వెండి పతకం, రెండు రెక్కల విమానం పైన, కింద టోపీలు ఎగరేస్తున్న జనం. కొట్టినవి తొమ్మిదే. దానికోసం బాల్టిమోర్‌దాకా మూడుసార్లు కారు నడుపుకుంటూ వెళ్లాను. హాగ్ పదకొండేళ్లుగా దాన్ని అడుగుతున్నాడు, నేను పదకొండేళ్లుగా వెక్కిరిస్తున్నాను. నా దగ్గరున్న మంచి వస్తువు అదొక్కటే, మిగిలినదంతా సరుకు.

ఇంటికెళ్లాను. విమానాన్ని తీశాను, పెట్టాను. కారెక్కాను, దిగాను. సందు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. వెర్నా కిటికీలోంచి అంతా చూసింది. మధ్యాహ్నం రెండింటికి హాగ్ గుడ్డమీద విమానం దిగింది. మా దగ్గర మార్పిడికి ఒక పద్ధతి ఉంది. ఎదుటివాడి పతకాన్ని బోర్లా తిప్పి నీ డబ్బాలోకి జరుపుకుంటే అయిపోయినట్టే, ఇక వెనక్కి అడగడానికి వీల్లేదు. హాగ్ విమానాన్ని జరుపుకున్నాడు. నేను అమ్మాయిని జరుపుకున్నాను. వాడి పతకంలో అమ్మాయికి ముక్కుంది, కనురెప్పలున్నాయి, కింది పెదవి మధ్య చిన్న నొక్కు కూడా ఉంది. ముప్పైయేడేళ్ల కింద నేను తుడిచేసింది ఇదన్నమాట అనుకున్నాను.

గురువారం. ఒడీల్ ఫోర్నియే ఉండేది మిల్లుకెదురుగా ఉన్న చెక్క ఇంట్లో, మూడో అంతస్తు. వంటింట్లో బఠానీ సూపు ఉడుకుతోంది. పొట్టి మనిషి, తెల్లటి జడ, ఏప్రనుకు పెద్ద జేబు. లూసిల్ నాకు కుర్చీ వేసింది, నేను కూర్చోలేదు.

"రా అబ్బాయ్, రా," అంది ముసలావిడ. "నాకోసం అంత దూరం నుంచి వచ్చావట. ఏదీ?"

హాగ్ పతకం గుడ్డతోసహా ఆవిడ ముందు పెట్టాను. గుడ్డ అవతలకు తోసేసి, పతకం తీసుకుని, బొటనవేలు తిన్నగా అమ్మాయి ముఖంమీద ఆనించింది. నేను పళ్లు బిగపట్టాను.

"ఏమిటబ్బాయ్, కడుపునొప్పా?"

"లేదమ్మా. చూడండి."

నా భూతద్దం ఆవిడకిచ్చాను. కిటికీ దగ్గరికెళ్లి మంచి కన్నుకు ఆనించుకుంది. లూసిల్ ఆవిడ భుజంమీదుగా వంగింది. లూసిల్ ముఖం చూడలేక నేను బయట మిల్లు గోడలో పగిలిన కిటికీలు లెక్కపెట్టాను.

"ఇది ఫ్లారెన్స్," అంది ఒడీల్.

"ఎవరూ?" అంది లూసిల్.

"సూపర్వైజరు కూతురు ఫ్లారెన్స్. ఆ మూతి విరుపు చూడు, అదే."

"అమ్మా! పతకంమీద నేనున్నానని నువ్వే చెప్పావు కదా!"

"ఉన్నాను కదే. చెయ్యి నాది కాదూ?"

ముసలావిడ తాపీగా చెప్పుకొచ్చింది. బోస్టన్ నుంచి శిల్పి వచ్చాడట. ఫ్లారెన్స్ కుర్చీలో కూర్చుని ముఖం ఇచ్చింది. కండె పట్టుకుని చెయ్యెత్తమంటే మాత్రం పావుగంటకే భుజం లాగుతోందని ఏడ్చింది. సరే, మగ్గాల గదిలోంచి ఒక పిల్లను పిలవండి అన్నారు. వచ్చింది ఒడీల్. పదకొండు రోజులు చెయ్యెత్తి నిలబడింది.

"మంచివాడే ఆ శిల్పి. ఉన్నది ఉన్నట్టు చేశాడు. ఇదిగో, ఇది కూడా వదల్లేదు చూడు," అంటూ కుడిచేతి చొక్కా పైకి మడిచింది.

మోచేతి కింద చిన్న గుంట. దాని నుంచి వంకరగా దిగిన గీత.

"మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి గుచ్చుకుంది. పదహారో ఏట. దాని మొనకు ఇనుము ఉంటుందిగా."

నేను కూర్చున్నాను. కూర్చోక తప్పలేదు. ఆరేళ్లు, రెండు పేజీలు, హాగ్ జవాబులు, నా జవాబులకు వాడి జవాబులు. అచ్చు లోపమట. సుత్తి దెబ్బట. ఇద్దరు పెద్దమనుషులం భూతద్దాలు పెట్టుకుని ఒక పిల్ల చేతిమీది గాయాన్ని చూసి, అది గాయం కావచ్చని ఒక్కసారీ అనుకోలేదు.

లూసిల్ పొయ్యి దగ్గరికెళ్లి గరిటె తిప్పుతూ అటే నిలబడింది. ఆవిడ కోరుకున్న ముఖం ఇక్కడ కూడా లేదు. నా విమానం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో ఫ్లారెన్స్ ముక్కు కోసం ఇచ్చేశాను దాన్ని.

"ఆ కోటు జేబులో ఏముంది? వచ్చినప్పటి నుంచి తడుముకుంటున్నావు," అంది ఒడీల్.

అబద్ధం చెప్పే ఓపిక లేక నా పతకం తీసి చేతిలో పెట్టాను. ఆవిడ భూతద్దంలోంచి చూసింది. దగ్గరగా, ఇంకా దగ్గరగా.

"ముఖం ఏమైంది దీనికి?"

"నేనే రుద్దేశానమ్మా. పాలిష్ పెట్టి. చిన్నతనం. నన్ను క్షమించండి."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కుర్చీ చెయ్యి పట్టుకుని, ఊపిరాడక, కూతుర్ని పిలుస్తూ నవ్వుతోంది.

"లూసిల్, ఇలా రావే! ఫ్లారెన్స్ ముక్కు చూడు, మూతి చూడు, తుడిచిపెట్టుకుపోయాయి! పదకొండు రోజులు పక్కనే కూర్చుని నాతో ఒక్క మాట మాట్లాడలేదే ఆ మహాతల్లి. మాట్లాడింది ఒక్కసారి, అదీ నాతో కాదు. 'ఆ పిల్లని చెయ్యి కడుక్కోమనండి' అంది. నా చెయ్యి మాత్రం ఎలా ఉందో చూడు, నిన్న కొట్టినట్టుంది." నావైపు తిరిగింది. "అబ్బాయ్, ఆ మంచిది నువ్వు తీసుకెళ్లు. నాకిది ఇస్తావా?"

"తీసుకోండమ్మా."

ఏప్రను జేబులో, తాళాల గుత్తిమీద పడేసింది. ఆ చప్పుడుకి గుడ్డ అందివ్వబోయి, మడిచి నా జేబులోనే పెట్టుకున్నాను.

లూసిల్ గరిటె చేతిలోనే పట్టుకుని వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. "అమ్మా, అప్పుడు ఎలా నిలబడ్డావు?"

"అలాగే. కిటికీ దగ్గర, వెలుతురు పడేట్టు."

"ఒక్కసారి నిలబడవూ?"

ముసలావిడ లూసిల్ చేతిలోంచి గరిటె తీసుకుంది. కిటికీ పక్కకెళ్లి, కాళ్లు సరిచేసుకుని, కుడిచెయ్యి పైకెత్తింది. చొక్కా మోచేతి పైకి జారింది. చర్మం వేలాడుతోంది, గరిటె నుంచి సూపు చుక్క ఆవిడ మణికట్టుమీద పడింది, చెయ్యి కొంచెం వణికి సర్దుకుంది. ముఖం మాత్రం మావైపు తిప్పింది. లూసిల్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

నాలుగింటికి షాపు దగ్గర గడ్డాలు గీయించుకోడానికి ఇద్దరు కాచుకుని ఉంటారు. వెర్నాకు ఫోన్ చేస్తానన్నాను, చెయ్యలేదు.

"ఇంక దించెయ్యమ్మా, నొప్పి పుడుతుంది," అంది లూసిల్ చివరికి.

"నొప్పేం లేదు." ఒడీల్ కదల్లేదు. మంచి కన్ను నావైపు తిరిగింది. "ఏమబ్బాయ్, చూడటం అయిందా?"

"ఇంకాసేపమ్మా," అన్నాను.